పాలు పొంగిన బండి

కిందటి వారం నారాయణమ్మని బండి మెట్టు మీద, ఒక కాలు లోపల ఒక కాలు బయట ఉండగా వదిలేసి వచ్చేశాం. చేతిలో పాలగిన్నె, కొంగున ముడేసిన అగ్గిపెట్టె. వారం రోజులు అలా నిలబెట్టినందుకు ఆవిడ మనల్ని క్షమించాలి.

ఇవాళే కథలో అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఖిదిర్‌పూర్ డాక్‌లో ముప్పై నాలుగేళ్లు క్రేను నడిపిన నారాయణమ్మ మొగుడు గురువులు కిందటి నెల రిటైరయ్యాడు. పోర్టువాళ్ల క్వార్టరు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. బావమరిది పోలిరాజు, అంటే నారాయణమ్మ తమ్ముడు, టికియాపారాలో ఒక గది చూపించాడు. గురువులు వెళ్లాడు, కిటికీ తెరిచి ఎదురుగా ఉన్న గోడని చూశాడు, తిరిగొచ్చేశాడు. ఓడలు లోకం చుట్టి రావడం రోజూ కళ్లారా చూస్తూ, తను మాత్రం అరవై అడుగుల ఎత్తున ఒకేచోట కూర్చున్న మనిషి అతను. కదలని ఇల్లు ఇక వద్దనుకున్నాడు. బేహాలాలో సన్యాల్ వారి పెరట్లో ఒక ఇంటిబండి అమ్మకానికుందని తెలిసింది. మినీబస్సు మీద కట్టించిన ఇల్లు. చూశాడు, అందరూ మాషీమా, అంటే పిన్నిగారు, అని పిలిచే ఆ ఇంటావిడకి మాటిచ్చేశాడు. ఇవాళ విశ్వకర్మ పూజ మర్నాడు. పండగకని నిన్నంతా ఎగరేస్తే తెగిన గాలిపటాలు బేహాలా కరెంటు తీగల మీద వేలాడుతున్నాయి. సంతకాలు ఇవాళే.

నారాయణమ్మ రెండో కాలు కూడా లోపల పెట్టింది. పెట్టి, అలాగే నిలబడిపోయింది.

ఆవిడ ఊహలో ఇంటిబండి అంటే బస్సులో చాప పరుచుకోవడం. ఇక్కడ చూస్తే రెండు మంచాలు, వాటి కింద సొరుగులు, మడతపెడితే గోడలో కలిసిపోయే బల్ల, తిప్పితే నీళ్లొచ్చే కుళాయి, రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు, కిటికీలకి ఆకుపచ్చ తెరలు. వెనక తలుపు మూస్తే స్నానాల గది! క్వార్టర్స్‌లో ఇరవై కుటుంబాలకి నాలుగు స్నానాల గదులు. ముప్పై ఏళ్లు బకెట్టు పట్టుకుని వరసలో నిలబడిన మనిషి ఆ తలుపు మూడుసార్లు తీసింది, మూడుసార్లు మూసింది.

"ఏటి సూత్తన్నావు?" అన్నాడు గురువులు. గొంతులో గర్వం దాచుకుందామనుకున్నాడు కానీ దాగలేదు.

"గొల్లెం సూత్తన్నాను. లోపల్నుంచి పడతాదా లేదా అని."

"పడిందా?"

"పడింది," అని కళ్లు తుడుచుకుంది.

వెనకే పోలిరాజు ఎక్కాడు. టికియాపారా రైల్వే యార్డులో పని అతనికి. తను చూపించిన గదిని కాదన్నందుకు పది రోజులు అలిగి, బండి చూడగానే ఆ అలకంతా మరిచిపోయాడు.

"బెంగాలీవోల్లు గాడీ-బాడీ, బండీ ఇల్లూ, ఉన్నోడే పెద్దమడిసంతారు బావా," అన్నాడు మంచం మీద ఎగిరి కూర్చుంటూ. "గాడీ ఒకపాలి, బాడీ ఒకపాలి కొంతారు ఎవులైనా. నీకు రొండూ ఒకదాన్లోనే దొరికీసినాయి. ఇంతకీ అప్పా, ఈ ఇంటికి తూరుపెటు?"

"బండెటు తిప్పితే అటు. లెగు, పక్క నలిగిపోతాది," అంది నారాయణమ్మ.

అంతటితో ఊరుకుంటే ఈ వారం కథ ఇక్కడే అయిపోయేది. నారాయణమ్మ కొంగు ముడి విప్పి అగ్గిపెట్టె తీసింది. ఖటాల్లో, పాలవాళ్ల పశువులపాకలో, తెల్లవారుజామున దగ్గరుండి పిండించుకున్న పాలు స్టవ్వు మీద పెట్టింది.

"ఉండవే. ఇంకా సంతకాలు అవ్వనేదు," అన్నాడు గురువులు కంగారుగా. "మాషీమా తానానికెల్లింది. ఇది ఇంకా ఆల్ల బండే."

"పంచాంగం కూర్మయ్య పదీ పదికి ముందే పొంగాలన్నాడు. అది దాటితే వర్జిం. సంతకం మజ్జానం సేసినా సంతకమే. వర్జింలో పొంగితే పాలు పాలేనేటి?"

"ఆలూ లేదు సూలూ లేదు..."

"కొడుకు పేరు సోమలింగం. తెలుసు. తప్పుకో."

వీధి గడియారాలన్నీ ఒక లెక్క, కూర్మయ్య పంచాంగం ఒక లెక్క. పదీ ఎనిమిదికి పాలు పొంగాయి. గిన్నె అంచు దాటి, స్టవ్వు మీద నుంచి జారి, కింద పరిచిన తెల్లటి చాపమీదికి కారాయి. నారాయణమ్మ చేతులు జోడించి నీలమణి దుర్గని తలుచుకుంది. పోలిరాజు లెంపలేసుకున్నాడు. గురువులు కూడా దణ్ణం పెట్టాడు, కానీ ఒక కన్ను తలుపు మీదే ఉంచి.

ఉంచడం మంచిదైంది. తలుపులో మాషీమా నిలబడి ఉంది.

నిభారాణి సన్యాల్‌కి అరవై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పి రిటైరైంది. సన్నంచు తెల్ల చీర, లావుపాటి కళ్లద్దాలు. ఆవిడ చూస్తే ఎంతటివాళ్లకైనా హోంవర్కు గుర్తొచ్చేది. పొయ్యివైపు, చాప వైపు, జోడించిన మూడు జతల చేతులవైపు చూసింది.

"పొయ్యి వెలిగించింది ఎవరు?" అంది బెంగాలీలో.

గురువులు తన డాక్ బెంగాలీలో చెప్పుకున్నాడు. మా వైపు కొత్త ఇంట్లో పాలు పొంగిస్తాం మాషీమా, మంచి ఘడియ దాటిపోతోందని తొందరపడ్డాం, పాలు పొంగిన ఇల్లు వదిలేసి వెళ్లకూడదంటారు, మా ఆవిడకి అదొక పట్టింపు అన్నాడు.

"అంటే కొనకుండానే గృహప్రవేశం చేసేశారు."

ఆవిడ మంచం అంచున కూర్చుని స్టవ్వునే చూసింది. తిట్టబోతోందనుకున్నాడు గురువులు.

"మా ఆయన పోయి ఆరేళ్లు. అప్పటినుంచి ఈ పొయ్యి వెలగలేదు," అంది మెల్లగా. "పోనీలే, వెలిగింది." అప్పటికప్పుడే కళ్లద్దాలు సరిచేసుకుని మళ్లీ టీచరైపోయింది. "కానీ సంతకానికి ముందు నా షరతు ఒకటుంది. ఈ బండి జీతానికి డ్రైవరుని పెట్టుకునేవాళ్లకి ఇవ్వను. జీతం మనిషికి పొద్దుగూకితే ఇల్లు గుర్తొస్తుంది. ఆ తొందర స్టీరింగులోకొస్తుంది. ఇందులో పడుకునేవాళ్లే దీన్ని నడపాలి. మా ఆయనకి దూరపు చూపు ఆనేది కాదు. పక్కన కూర్చుని మ్యాపు చదివేవాడు. కన్యాకుమారి దాకా నడిపిందెవరనుకున్నారు? నేను. ఇప్పటికీ ప్రతి ఆదివారం పెరట్లో నాలుగు చుట్లు తిప్పుతాను."

గురువులు ఒక అడుగు వెనక్కేశాడు. ఆవిడ ఆపలేదు.

"మీ ఇద్దరిలో నడిపేవాళ్లెవరో నా కళ్లముందు ఈ పెరట్లో ఒక్క చుట్టు తిప్పండి. అది చూశాకే సంతకం. లేదంటే మూడింటికి కేటరింగ్ ఆయన వస్తున్నాడు. ఈ మంచాలు పీకేసి డేక్షాలు పెట్టుకుంటాడట. నాకిష్టం లేదు, కానీ ఎల్లుండి ఈ స్థలం మేడలు కట్టే ప్రమోటర్‌కి అప్పగించాలి. బండిని నెత్తిన పెట్టుకుని పోలేను కదా!"

పోలిరాజు పెద్దగా నవ్వి బెంగాలీలో అందుకున్నాడు. "ఓస్, అంతేనా! మాషీమా, మా బావగారు ఎవరనుకున్నారు? ఏడో నంబరు క్రేను! ఓడ కడుపులోంచి రైలింజన్ని ఎత్తి, ఒక్క బోల్టు కదలకుండా పట్టాల మీద దింపిన చెయ్యి అది. ఈ బండి ఆయనకి ఆటబొమ్మ. బావా, కూకో. సూపించు."

పాపం పోలిరాజు తప్పేం లేదు. ఖిదిర్‌పూర్ తెలుగువాళ్లందరి నమ్మకం అదే. అంత పెద్ద క్రేను నడిపేవాడికి నేల మీద బండి ఒక లెక్కా? పెళ్లిళ్లలో పిల్లల్ని అతని ముందుకి తోసి, గురువులు మావలాగ అవ్వాలి అనేవాళ్లు. యూనియన్ జీపు ఎక్కినప్పుడు, నువ్వు నడుపు అన్నా అని ఎవరైనా అంటే, "నేలమీద బండ్లు నాను ముట్టను" అనేవాడు గురువులు. అది గొప్పవాడి టెక్కు అనుకుని జనం ఇంకా మురిసిపోయేవారు.

అసలు సంగతేమిటంటే అతనికి బండి నడపడం రాదు. సైకిలు తప్ప నేలమీద నడిచే ఏ వాహనమూ అతని చేతిలో కదల్లేదు. మొదటిసారి జనం పొరపాటు పడ్డప్పుడు ఇరవై నాలుగేళ్ల కుర్రతనం, సరదాగా ఊరుకున్నాడు. ఆ తర్వాత చెప్పడానికి సిగ్గేసింది. ఇంకా తర్వాత చెప్పడానికి ఆలస్యమైపోయింది. బండి కొన్నాక మెటియాబ్రుజ్‌లో ఎవరికీ తెలియని చోట నెలరోజులు నేర్చుకుందామని లోలోపల వేసుకున్న పథకం కాస్తా మాషీమా షరతుతో గంగలో కలిసింది.

డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తాళం ఉంది. స్టీరింగుంది. కిందకి చూస్తే మూడు పెడళ్లున్నాయి. ఏది నొక్కితే కదులుతుందో, ఏది నొక్కితే ఆగుతుందో తెలియదు.

అప్పుడు వెనకనుంచి నారాయణమ్మ గొంతు వినబడింది. "వర్జిం వచ్చీసింది మావా. వర్జింలో చక్రం కదపకూడదు. మజ్జానం తిప్పుతానని సెప్పు మాషీమాకి."

గురువులు వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ అతని కళ్లలోకి సూటిగా చూస్తోంది. పట్టింపు చెప్తున్న మనిషి చూపు కాదది. పడిపోతున్నవాడికి చెయ్యందిస్తున్న చూపు. ఆమెకి తెలుసు! ఎన్నాళ్లబట్టి తెలుసో!

చెయ్యి అందుకోవచ్చు. వర్జ్యం అన్న మాట బెంగాలీ ఆవిడకి అర్థం కాకపోయినా, ఆచారం అంటే ఊరుకుంటుంది. మధ్యాహ్నానికి కడుపునొప్పో, కాలునొప్పో వస్తుంది. పరువు దక్కుతుంది. మూడింటికి కేటరింగ్ ఆయన వచ్చి ఆ స్నానాల గది తలుపు ఊడబీకి పారేస్తాడు.

గురువులు తాళం తీసి మాషీమా చేతిలో పెట్టాడు.

"నాకు బండి నడపడం రాదు మాషీమా," అన్నాడు బెంగాలీలో. బావమరిది వైపు తిరిగి తెలుగులో కూడా అన్నాడు. "నాకు రాదురా పోలీ. క్రేను తప్ప మరేటీ రాదు. వచ్చునని మీరందరూ అనుకుంతే, అనుకోనిచ్చినాను. తప్పు నాదే."

పోలిరాజు వంగి ఆ మూడు పెడళ్లవైపు ఒకసారి, బావ వైపు ఒకసారి చూశాడు.

"నాకు పెల్లైన ఏడాదే తెలుసు," అంది నారాయణమ్మ. "యూనియన్ జీపు డ్రైవరికి జొరమొచ్చిన్నాడు, జీపు గుమ్మంలో ఎట్టుకుని, వానలో మెటియాబ్రుజ్ దాకా నడిసెల్లి మరో డ్రైవర్ని తెచ్చినావు. తెలీకేటి?"

"మరి ఏల అడగనేదు?"

"అడిగితే నువ్వు సెప్పాల కదా. నీ అంతట నువ్వు సెప్పినావు, అదీ మాట."

మాషీమా కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఇద్దరి మాటలూ అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. "వచ్చని చెప్పి నా బండిని గోడకి గుద్దబోయిన వాళ్లని ఇద్దర్ని చూశాను ఈ నెలలో. రాదని చెప్పినవాడివి నువ్వొక్కడివే, గురుబాబూ. కానీ నా షరతు షరతే. మూడింటి దాకా టైముంది. కూర్చో, నేర్పుతాను."

ఆ తర్వాత గంటసేపు పెరట్లో జరిగిందాన్ని చదువు అనలేం. గురువులు చేతులు బంగారం. స్టీరింగు పట్టుకున్న తీరు చూసి మాషీమాయే శభాష్ అంది. కాళ్లు మాత్రం ముప్పై నాలుగేళ్లు క్రేను కేబిన్‌లో తిని కూర్చున్నాయి. ఇప్పుడు హఠాత్తుగా పని చెయ్యమంటే ఒప్పుకోలేదు. క్లచ్చి ఒక్కసారిగా వదిలేసేవాడు. బండి కప్పలా గెంతి చచ్చేది. గెంతినప్పుడల్లా లోపల గిన్నె ఒక మూలనుంచి ఇంకో మూలకి దొర్లేది. ఏడోసారి గెంతాక మాషీమా చెయ్యెత్తి ఆపి, వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్, నువ్వేం పని చేస్తావు?"

యాభై రెండేళ్ల నారాయణమ్మ తననే అమ్మాయ్ అంటున్నారని గ్రహించడానికి కొంచెం టైము పట్టింది. "మిషను కుడతాను మాషీమా," అంది తన బెంగాలీలో. "మెటియాబ్రుజ్‌లో కుట్టుపని ఇచ్చే ఓస్తాగర్ గుడ్డలు కోసి పంపుతాడు. పిల్లల ఫ్రాకులు కుట్టి పంపుతాను."

"కాలి మిషనా?"

"కాలిదే."

"ఎన్నేళ్లుగా?"

"ఇరవయ్యారు."

"గుడ్డ ముడతపడకుండా, దారం తెగకుండా మొదలెట్టాలంటే పాదం ఎలా వెయ్యాలి?"

"మెల్లిగా. వేలితో తడిమినట్టు."

"ఇటు రా. గురుబాబూ, నువ్వు దిగు."

గురువులు దిగాడు. నారాయణమ్మ చెప్పులు విప్పేసి, చీర కుచ్చెళ్లు ఎగదోపి, ఆ ఎత్తు సీట్లో కూర్చుంది. కాళ్లు అందవేమోనని పోలిరాజు ఒక దిండు తెచ్చి వీపు వెనక పెట్టి దిగాడు. మాషీమా పక్కన కూర్చుని ఏది ఏమిటో చెప్పింది. నారాయణమ్మ బుద్ధిగా తలూపింది. తాళం తిప్పింది. ఎడమ పాదం మెల్లగా, మెల్లగా పైకి తీసింది.

బండి గెంతలేదు. ఉలిక్కిపడలేదు. కుట్టు మొదలైనట్టు సాఫీగా కదిలింది.

గురువులు పక్కకి తప్పుకుని చూశాడు. అంత పెద్ద ఇల్లు, మంచాలతో, కుళాయితో, ఆకుపచ్చ తెరలతో, తన పెళ్లాం పాదం కింద కదులుతోంది! పెళ్లినాడు ఊళ్లన్నీ చూపిస్తానన్నాడు. చూపించిందల్లా కాళీఘాటు, హౌరా బ్రిడ్జి. ఆ మాట నిలబెట్టుకోలేదని ఆవిడ ఒక్కసారి కూడా దెప్పలేదు. ఇప్పుడా ఎత్తున కూర్చుని, పెదవి బిగబట్టి, స్టీరింగు తిప్పుతోంది. ఇంతకాలం అందరూ కిందనుంచి తలెత్తి తనని చూశారు. ఇవాళ తను తలెత్తి చూస్తున్నాడు. అతనికి సిగ్గనిపించలేదు. మొదటిసారి క్రేనెక్కి మొదటి బరువు దింపిన రోజు కూడా ఛాతీ ఇంత పొంగలేదు.

చేతులు వాటంతటవే లేచాయి. డాక్‌లో కిందనుంచి క్రేనువాడికి సైగలు చేసే మనిషిలాగా అరచెయ్యి చాపి, వేళ్లాడించి, ఎడమకి, ఇంకొంచెం ఎడమకి అని దారి చూపించాడు. ముప్పై నాలుగేళ్లు అలాంటి సైగలు చూసినవాడే కానీ చేసినవాడు కాడు. నారాయణమ్మ చూపు అతని చేతిమీద నుంచి మరలలేదు. జామచెట్టు దాటింది. బావి దాటింది. గోడకి జానెడు దూరంలో మలుపు తిరిగింది. చుట్టు పూర్తయింది.

"నా అప్పరా!" అని పోలిరాజు అరిచిన అరుపుకి పక్క మేడమీదివాళ్లు బయటికొచ్చారు.

"ఇక ఆపు," అంది మాషీమా.

ఇరవయ్యారేళ్లు కాలి మిషను కుట్టిన మనిషికి ఆపడం అంటే ఒకటే తెలుసు. పాదాలు రెండూ పైకెత్తేస్తే మిషను ఆగుతుంది. నారాయణమ్మ అదే చేసింది. రెండు పాదాలూ గాల్లోకెత్తి, పని అయిపోయినట్టు స్టీరింగు మీంచి చేతులు కూడా తీసేసి, మొగుడివైపు చూసి నవ్వింది.

బండి ఆగలేదు. ఆ నెమ్మదితోనే, ఆ మర్యాదతోనే, తెరిచి ఉన్న గేటువైపు నడిచింది. గురువులు అరచేతులు రెండూ అడ్డంపెట్టి వెనక్కి వెనక్కి నడిచాడు. పోలిరాజు బండిని వెనకనుంచి పట్టుకుని లాగబోయాడు. మాషీమా ఒక చేత్తో స్టీరింగు అందుకుని, ఇంకో చేత్తో హ్యాండు బ్రేకు లాగేసరికి, బండి ముందు సగం డైమండ్ హార్బర్ రోడ్డు మీద, వెనక సగం సన్యాల్ వారి పెరట్లో నిలిచి, ఇంజిను ఆగిపోయింది. మూతి సరిగ్గా ట్రాం పట్టాల మీద పెట్టి.

జోకా నుంచి వస్తున్న ట్రాం గంట కొడుతూ ఆగింది. వెనక మినీబస్సులు, రిక్షాలు, తిట్లు. ఎర్ర మోటారుసైకిలు మీద తెల్ల యూనిఫారం సార్జంటు వచ్చి, హెల్మెట్ తీసి, ఆకుపచ్చ తెరలు చూసి, లోపల కుళాయి చూసి, చివరికి స్టీరింగు దగ్గర ఉన్న దిండు చూశాడు.

"ఎవరిదీ గాడీ?" అన్నాడు.

పోలిరాజు ట్రాం నంబరు చదవడంలో మునిగిపోయాడు. మాషీమా సార్జంటుకి జవాబు చెప్పలేదు. సంచిలోంచి అమ్మకం కాగితాలు తీసి, ఒళ్లో పెట్టుకుని, కలం మూత తీసింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒక చుట్టన్నాను, చుట్టు పూర్తయింది," అంది. "చెప్పు గురుబాబూ. ఏ పేరు రాయమంటావు?"

ఆ పేరు ఎవరిదో మాటిచ్చిన రోజే అనుకున్నాడు గురువులు. బండి వెనక పెద్ద అక్షరాలతో తన పేరు రాయించడానికి ఖిదిర్‌పూర్‌లో పెయింటర్‌తో కూడా మాట్లాడాడు. ఇప్పుడు రోడ్డు మధ్యలో, ట్రాం జనం అందరూ కిటికీల్లోంచి వంగి చూస్తుండగా, పైకి చూశాడు.

"నారాయణమ్మ," అన్నాడు. గట్టిగా, అందరికీ వినబడేలా.

"ఎవరావిడ?" అన్నాడు సార్జంటు.

"అదిగో. నడిపిన ఆవిడే. బండి ఆవిడది."

నారాయణమ్మ సీట్లో నిటారుగా కూర్చుంది. పుట్టి యాభై రెండేళ్లలో ఏ కాగితం మీదా, దేనికీ యజమానిగా ఆమె పేరు పడలేదు. మాషీమా కలం కాగితం మీద కదులుతుంటే, అక్షరం అక్షరం చూస్తూ కూర్చుంది.

సార్జంటు జేబులోంచి పుస్తకం తీసి, కొత్త పేజీ తిప్పి, కిటికీ కిందకొచ్చి నిలబడ్డాడు.

"బహుత్ అచ్ఛా, మేడమ్. బండి మీదే, నడిపింది మీరే. అయితే మీ లైసెన్సు చూపించండి."